ఏ చెట్టు కల్లు?

తాగుడును గురించి రాయవలసి వస్తే మన అభ్యుదయ రచయితలకు రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి, తాగుబోతు మొగుడి చేతిలో దెబ్బలు తినే ఇల్లాలి కథ. రెండోది, కల్లు ముంతల చుట్టూ చేరి పాడుకునే శ్రమజీవుల వర్ణన. మొదటిది నిజం. రెండోది కూడా కొంతవరకు నిజమే. కాని ఈ రెండింటిలోనూ కల్లు వట్టి మత్తుపదార్థంగానే కనిపిస్తుంది. దానికొక రుచి వుంటుందనీ, ఆ రుచిని ఎరిగినవాడొకడు వుంటాడనీ, ఆ ఎరుక వెనక తరతరాల శ్రమ వుందనీ ఎక్కడా వినపడదు. అదే ద్రాక్షసారా విషయం వచ్చేసరికి మాట తీరు మారిపోతుంది. అక్కడ రుచి, వాసన, నేల, వాతావరణం అన్నీ చర్చకు వస్తాయి. వాటిని ఎరిగివుండటం సంస్కారానికి గుర్తుగా చెల్లుతుంది. ఒకే రకపు తెలివి ఒకచోట సంస్కారమూ, మరొకచోట నీచపు అలవాటూ ఎలా అయిందో విచారించటం విమర్శకుల పని కాదా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడి మూలంగా తట్టింది. నేను 1986 తరువాత కొన్నేళ్ళు బొంరాస్‌పేట ప్రాంతంలో ఉపాధ్యాయుణ్ణి. పరిగికీ కొడంగల్‌కూ నడుమ వున్న ఆ మండలం అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లాలోది. 2016లో వికారాబాదు జిల్లాలోకి వచ్చింది. 1956కు ముందు కొడంగల్, తాండూరు తాలూకాలు రెండూ హైదరాబాదు సంస్థానపు గుల్బర్గా జిల్లాలో వుండేవి. కంది, జొన్న పండే మెట్ట నేల. పని దొరక్క బొంబాయికీ, పూనాకూ, హైదరాబాదుకూ వలసపోయే జనం. వాగుల పక్కనా, చేల గట్ల మీదా ఈతచెట్లు, తాటిచెట్లు. ఆ కుర్రవాడి తండ్రి ఆ చెట్లెక్కి బతికిన గీత కార్మికుడు. కుర్రవాడు ఇప్పుడు నడివయసువాడు. హైదరాబాదులో ఒక పెద్ద హోటలు భోజనశాలలో అతిథులకు ఏ ద్రాక్షసారా తాగితే బాగుంటుందో సలహా చెప్పి, గ్లాసుల్లో పోసి ఇస్తాడు. అదే అతని ఉద్యోగం. (మన పల్లెల్లో 'వైన్స్' అని బోర్డు వున్న చోట ద్రాక్షసారా తప్ప తక్కినవన్నీ దొరుకుతాయి. అతని కొలువు అలాంటి చోట కాదు.)

తన పనిలోని కిటుకులు అతను నాకు చాలాసార్లు చెప్పాడు. సీసాలో వుండేది 750 మిల్లీలీటర్లు. గ్లాసుకు 150 చొప్పున పోస్తే అయిదు గ్లాసులు. సీసా మూత తీసింది మొదలు గాలి తన పని మొదలుపెడుతుంది. రెండు మూడు రోజుల్లో వాసన చచ్చిపోయి పులుపెక్కుతుంది. కనక మొదటి గ్లాసు అమ్మితేనే సీసా కొన్న డబ్బు వచ్చేటట్టు ధర కట్టటం ఆ వ్యాపారంలో పరిపాటి. మిగిలిన నాలుగూ లాభం, లేకపోతే పారబోత. ఇక సలహా మాట. అతిథి ఏం తింటున్నాడో, పులుపు ఇష్టమో తీపి ఇష్టమో, ఎంత ఖర్చు పెట్టగలడో అడిగి తెలుసుకొని దానికి తగింది చెప్పమని శిక్షణలో నేర్పారు. అది మంచి పాఠమే. కాని సాయంత్రం తలుపులు తెరిచేముందు మేనేజరు చెప్పే పాఠం వేరు. "నిన్న మూత తీసిన సీసాలు ఇవీ. ముందు ఇవి కదలాలి" అంటాడు. ఆ రాత్రి అతని నాలుక మీద ఆ సీసాల పుట్టుపూర్వోత్తరాలే ఆడతాయి: ఫలానా కొండవాలు, ఫలానా నేల, ఫలానా కర్ర పీపా. ఎదురుగా కూచున్న అతిథికి తెలియదని ఒప్పుకోవటానికి సిగ్గు. అన్నిటికంటే చవకది అడగటానికి మరీ సిగ్గు. ఈ రెండు సిగ్గుల మధ్య వ్యాపారం నడుస్తుంది.

అబద్ధం చెప్పమని ఎవరూ అతన్ని బలవంతపెట్టరు. అతను చెప్పే ప్రతి మాటా నిజమే. కాని ఏ నిజం ఎప్పుడు చెప్పాలో నిర్ణయించే అధికారం అతనిది కాదు. పెట్టుబడిదారీ వ్యవస్థలో తెలివి అమ్ముకునే ప్రతివాడి స్థితీ ఇదే. ఉపాధ్యాయులమైన మనకు ఇది ఎవరో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అతని తండ్రి దగ్గరికి వద్దాం. ఆయన కూడా గ్లాసుల లెక్కనే, అనగా ముంతల లెక్కనే, పోసేవాడు. ఆయన కూడా సలహా చెప్పేవాడు. నేను ఆయన మండువాకు వెళ్ళినప్పుడు విన్న మాటలు ఇవి. "సారూ, గా లొట్టి ముట్టకుండ్రి. రాత్రి వాన నీళ్లు వడ్డయి. గిది తాగుండ్రి, బాయికాడి ఈతది, పొద్దుగాల దించిన." ఎండనపడి వచ్చిన ఒక కూలివాడితో, "గిది పులిసింది రా, కడుపుల మండుతది. జరసేపాగు, పొద్దుగూకంగ దించుత" అన్నాడు. ఇంకొకడితో నిక్కచ్చిగా, "నీకు ఒక్క ముంతనే. తాగి ఇంటికి వో" అన్నాడు. ఈ మూడో సలహా గమనించండి. వద్దనటం కూడా సలహాలో భాగమే. నా శిష్యుడి శిక్షణ పుస్తకంలో ఆ అధ్యాయం లేదు.

ఆ సలహా వెనక ఎంత ఎరుక వున్నదో చూడండి. తాటిలో పోతుచెట్టు గెల నుంచి వచ్చే కల్లు వేరు, కాయకాసే చెట్టు నుంచి వచ్చేది వేరు. పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అని గీతవాళ్ళు దేనికదే పేరు పెట్టుకున్నారు. ఈతకు గెల కొయ్యరు, మొవ్వు కింద మాను మీదనే గాటు పెడతారు. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు రెండో పక్క. అందుకే ముసలి ఈతచెట్టు మాను మెట్లు మెట్లుగా వుంటుంది. ఆ మెట్లు లెక్కపెట్టి చెట్టు ఎన్నేళ్ళు గీత తిన్నదో చెప్పవచ్చు. కొంచెం విశ్రాంతి ఇచ్చి గీసిన చెట్టు రసం తేటగా, తియ్యగా వుంటుంది. చలి రాత్రి దిగిన రసం నిలుస్తుంది, ఎండపూట దిగింది తొందరగా పులుస్తుంది. నిన్నటి మడ్డి అంటుకున్న లొట్టిలో పడ్డ రసం గంటల్లోనే పొంగుతుంది. లొట్టి కడిగి లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా వుంటుంది. ఇదంతా రసంలోని చక్కెరను సూక్ష్మజీవులు సారాయిగానూ, తరువాత సిరకాగానూ మార్చటం వల్ల జరుగుతున్నదని శాస్త్రం చెపుతుంది. గీత కార్మికుడికి ఆ సూక్ష్మజీవుల పేర్లు తెలియవు. వాటి గుణం మాత్రం వేలికొసల మీద వుంటుంది. మోకు, ముస్తాదు కట్టుకొని, ప్రాణం పణంగా పెట్టి పొద్దున, సాయంత్రం చెట్లెక్కి దిగేవాడికి ఆ ఎరుక పుస్తకాల వల్ల రాలేదు.

వస్తువు రుచి చూసి దాన్ని ఏ సంబంధాల కింద ఎవరు తయారుచేశారో చెప్పలేమని మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథంలో అన్నాడు. ఆ మాట అంగడి సరుకుకు అక్షరాలా వర్తిస్తుంది. చెట్టు కింది కల్లుకు మాత్రం అంతగా వర్తించదు. తాగేవాడికి చెట్టు తెలుసు, చెట్టెక్కినవాడు తెలుసు, ఆ చెట్టు ఎవరి గట్టు మీద వున్నదో తెలుసు. పోసేవాడు చెడ్డది పోస్తే తెల్లవారి అదే దారిన నడవాలి. సలహాకు పూచీ వుంది.

ఇది చదివి నేను పల్లెటూరి స్వర్గాన్ని వర్ణిస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. అదే మండువాలో దళితులకు దూరం నుంచి ఎత్తి రేకలో పోయటం నేను చూశాను. ముంత వారి చేతికి ఇచ్చేవారు కాదు. మంచి లొట్టి ముందుగా ఊరి పెద్దల ఇళ్ళకు పోయేది. అరువు పద్దు కింద కూలి గింజలు కల్లుకే జమ అయిన కుటుంబాలు కూడా వున్నాయి. చెట్టు ఎరుక వున్నంత మాత్రాన మనిషి ఎరుక వచ్చిందని అర్థం కాదు. నేను చెప్పేది ఒక్కటే: అక్కడ పోసేవాడికీ, అతని మాటకూ మధ్య మూడోవాడు లేడు.

ఆ మూడోవాడు గుత్తేదారు. నైజాం ప్రభుత్వానికి ఆబ్కారీ ఆదాయం పెద్ద ఆదరువుగా వుండేది. చెట్టు గీసేది ఒకడు, చెట్టు మీద హక్కు వేలం పాడుకునేది మరొకడు, పన్ను పుచ్చుకునేది సర్కారు. 1947లో సంస్థానాన్ని భారతదేశంలో కలపాలని జరిగిన ఉద్యమంలో నైజాం ఆదాయాన్ని దెబ్బతీయటానికి సేంధీ చెట్లు, అనగా ఈతచెట్లు, నరకటం ఒక కార్యక్రమమైంది. ఆ గొడ్డలి దెబ్బ ఖజానాకు తగిలిందో లేదో గాని గీసేవాడి పొట్ట మీద తగిలింది. మన ఉద్యమాలు చెట్టును ఆదాయంగానో, పాపంగానో చూడటం అప్పటికే అలవాటు. దాన్ని ఒక శ్రామికుడి పనిముట్టుగా చూడటం నేర్పింది గీత కార్మికుల సంఘాలు. సూర్యాపేటకు చెందిన కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం వంటివారు ఆ పనిలో జీవితమంతా గడిపారు. దున్నేవానికే భూమి అన్నట్టే గీసేవానికే చెట్టు అన్న నినాదం వచ్చింది. సహకార సంఘాలకూ, గీసేవారికీ లైసెన్సులిచ్చే విధానమూ వచ్చింది. అయినా చాలాచోట్ల బోర్డు మీద సంఘం పేరు, వెనక పెత్తనం పెట్టుబడి పెట్టినవాడిది.

ఇప్పటి కల్లు దుకాణానికి వెళ్ళి చూడండి. సీసాలు వరసగా నురగ కక్కుతుంటాయి. ఏ చెట్టుదని అడిగితే నవ్వుతారు. అన్ని లొట్టులూ ఒకే తొట్టిలో కలిశాయి. ఆ తొట్టిలో నీళ్ళు కలిశాయి. తీపికి శాకరిన్ కలిసింది. మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, అల్ప్రజోలాం వంటి నిద్రమందులు కలిశాయి. దీన్ని జనం 'మందు కల్లు' అంటారు. 'చెట్టు కల్లు' అనే మాట దానికి ఎదురుగా పుట్టింది. వెనక కల్లంటే చెట్టుదే గనక ఆ విశేషణం అక్కరలేదు. మందు కల్లుకు సలహాదారుడు అవసరం లేదు, ఎందుకంటే ఎంచుకోవటానికి ఏమీ లేదు. తాగినవాడి నరాలే రేపు మళ్ళీ రమ్మని సలహా చెపుతాయి. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ మీద దాడులు చేసి ఆ మందులు ఒక్కసారి ఆగిపోయినప్పుడు నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకుతో, మూర్ఛలతో, పిచ్చిమాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి శ్రమజీవులు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చెట్టు పేరు పోయినచోట పూచీ పోతుంది. పూచీ పోయినచోట విషం చేరుతుంది.

ద్రాక్షసారాకు మాత్రం పేరెలా నిలిచింది? ఫ్రెంచివాళ్ళు స్వభావం చేత రసికులు కాబట్టి అని మన మధ్యతరగతి నమ్ముతుంది. చరిత్ర అలా చెప్పదు. ఇరవయ్యో శతాబ్దపు మొదట దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్‌డాక్ ప్రాంతంలో అధికోత్పత్తి వల్లా, చక్కెరా నీళ్ళూ కలిపి చేసిన నకిలీ సారా వల్లా ధరలు కూలిపోయాయి. ద్రాక్షతోటల రైతులూ, కూలీలూ అప్పుల పాలయ్యారు. 1907లో మార్సెలిన్ అల్బేర్ అనే పల్లెటూరి హోటలు యజమాని నాయకత్వాన వాళ్ళు తిరగబడ్డారు. జూన్ 9న మోంపెల్యే నగరంలో కొన్ని లక్షలమంది ప్రదర్శన చేశారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపి జనాన్ని చంపింది. ఆ ప్రాంతపు బిడ్డలే అయిన 17వ పదాతి దళపు సైనికులు తుపాకులతో సహా తిరుగుబాటు చేసి బెజియే పట్టణానికి నడిచి వెళ్ళారు. ఆ నెలాఖరుకే కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. ఏ ప్రాంతపు సారాకు ఆ ప్రాంతపు పేరు పెట్టుకునే హక్కును కట్టుదిట్టం చేసే చట్టం 1935లో వచ్చింది. ఆ ఉద్యమంలో పెద్ద తోటల ఆసాములు కూడా వున్నారు, దాని ఫలితంలో పెద్ద వాటా వాళ్ళే తీసుకున్నారు. అయినా ఒక సంగతి నిలుస్తుంది. నా శిష్యుడు తెల్లని గుడ్డ చేత్తో పట్టుకొని సీసా మీది పేరును చదువుతున్నాడంటే, ఆ పేరు వెనక వీధుల్లోకి వచ్చిన ఉత్పత్తిదారులు వున్నారు. ఈ ముక్క అతనికి శిక్షణలో చెప్పలేదు. కొండవాలు సంగతి చెప్పారు, నేల సంగతి చెప్పారు. తుపాకుల సంగతి చెప్పలేదు.

ఇక్కడ ఆడవాళ్ళ ప్రశ్నను దాటవేసి పోతే ఈ వ్యాసం అబద్ధమౌతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. వాళ్ళ కోపం న్యాయమైనది. ఈనాటికీ న్యాయమైనదే. నేను కల్లు తాగండని ఎవరికీ చెప్పటం లేదు. కాని ఆ స్త్రీలు ఎదిరించింది రుచినీ రసాన్నీ కాదనీ, ఇంటి కూలిని గుత్తేదారుకూ, గుత్తేదారు సొమ్మును ఖజానాకూ చేర్చే గొట్టాన్ని ఎదిరించారనీ నా అభిప్రాయం. ఆ గొట్టం తెగలేదు. సారా పోయి సీసా మద్యం వచ్చింది. టోకున అమ్మేది ప్రభుత్వ సంస్థే. ఏటికేడు ఎక్కువ అమ్మకం చూపిన శాఖకు మెప్పు దొరుకుతుంది. హోటల్లో మేనేజరు చెప్పే "ముందు ఇవి కదలాలి" అన్న మాటే ఇక్కడ రాజ్యం నోట వినపడుతుంది.

నా శిష్యుడికి ఉద్యోగపు పరీక్షలో కొన్ని గ్లాసులిచ్చి వాసన చూడమన్నారట. ఒకదానిలో సిరకా తగిలిందని అతను వెంటనే పట్టేశాడు. ఇంకొకటి ఎక్కువ వెచ్చదనంలో పులిసిందన్నాడు. పరీక్షించినవాడు మెచ్చుకొని, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. మనవాడు మాట దాటవేశాడు. దరఖాస్తులో తండ్రి వృత్తి అనే చోట 'వ్యవసాయం' అని రాశాడు. "గీత అని రాస్తే ఏమనుకుంటరో అని, సార్" అన్నాడు నాతో. ఏ ముక్కు బలంతో ఆ ఉద్యోగం వచ్చిందో ఆ ముక్కును పెంచిన లొట్టి పేరు అతను ఎత్తలేకపోయాడు. ఇందులో అతని తప్పు వెతకటం తేలిక. నేర్చినదాన్ని నేర్చినచోటు పేరుతో చెప్పుకోనివ్వని సమాజాన్ని వెతకటమే కష్టం.

సాహిత్యంలో మనం చేస్తున్నది మాత్రం వేరా? రసమనే మాట చెట్టుదీ కావ్యానిదీ ఒకటే. రసజ్ఞుడెవరని అడిగితే మన అలంకారశాస్త్రాలు సహృదయుణ్ణి చూపిస్తాయి గాని రసం దించినవాణ్ణి చూపించవు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం తిండినీ, బట్టనూ, ఆటలనూ, అలవాట్లనూ చరిత్ర చేశారు. ఆ దారిలో మనం ఎంత దూరం నడిచాం? విమర్శకుడు కూడా గ్లాసులో పోసి సలహా చెప్పేవాడే. అతను చదవమని చెప్పే పుస్తకం నిజంగా ఈ పాఠకుడికి ఈ పూట పనికివచ్చేదా, లేక మూత తీసి వున్నది గనక కదలవలసిన సీసాయా? మన బృందం పుస్తకం, మన సంచిక పుస్తకం అన్న కారణంతో ఎన్ని పులిసిన లొట్టులను మనం తేనె అని చెప్పలేదు? వద్దు అనే సలహా చెప్పగలిగిన విమర్శకులు మనలో ఎందరు?

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనను. 2023 మే నెలలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. పులవని రసం గ్లాసుల్లో శుభ్రంగా దొరికింది. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చేతుల మీదుగా కాటమయ్య రక్షణ కవచం పేరిట గీత కార్మికులకు పడిపోకుండా ఆపే పరికరాల పంపిణీ మొదలైంది. ఆయన శాసనసభకు ఎన్నికైన కొడంగల్ నియోజకవర్గంలోదే బొంరాస్‌పేట. కవచం అవసరమే. చెట్టు మీది నుంచి పడి నడుము విరిగినవాళ్ళను చూసినవాడెవడూ దాన్ని తీసిపారెయ్యడు. కాని కవచం చెట్టు మీద వున్నంతసేపే కాపాడుతుంది. కింద తొట్టి దగ్గర కాపాడేదేదీ ఇంకా రాలేదు.

రావలసినవి పెద్ద విప్లవ కార్యక్రమాలేమీ కావు. లైసెన్సు వున్న చెట్ల లెక్కా, వాటి నుంచి దిగే కల్లు లెక్కా ప్రతి దుకాణం ముందు పలక మీద రాయాలి. ఆ లెక్కకు మించి అమ్మితే అది కల్తీయే. తొట్టి మీద పెత్తనం గీసేవాళ్ళ సంఘానికే వుండాలి. గట్ల మీదా, చెరువు శిఖాల్లోనూ కొట్టేసిన ఈత, తాటి చెట్లకు బదులు మళ్ళీ నాటి, నాటినవాడికి హక్కు రాసివ్వాలి. తాగకూడదని నిర్ణయించుకున్న ఊరి స్త్రీల మాట దుకాణపు లైసెన్సుకు పైమాట కావాలి. ఉపాధ్యాయులుగా మన వంతు చిన్నదే గాని మన చేతుల్లోనే వుంది. తరగతిలో పిల్లలను తండ్రి వృత్తి అడిగి రిజిస్టరు నింపేది మనమే. గీత అని చెప్పిన పిల్లవాణ్ణి, అయితే పోద్దాటికీ పండుతాటికీ తేడా ఏమిటో నాకు చెప్పు అని అడిగే ఉపాధ్యాయులు ఈ జిల్లాలో ఎందరున్నారు?